ఆకుపచ్చ రంగేసిన ప్రతిదీ మిలిటరీ సైకిలు కాదు: ఫ్రేము నంబరు చదివి కాలం తేల్చే పద్ధతి

నాలుగేళ్ల కిందట ఒక ఆదివారం సంతలో ఓ సైకిలు కొన్నాను. ఆకుపచ్చ రంగు, ఎండి బీటలు వారిన తోలు సీటు, ఎత్తబోతే నడుం పట్టేసేంత బరువు. అమ్మినాయన "మిలిటరీ బీఎస్ఏ సార్, 1942ది, తెల్లోళ్లు వదిలేసి పోయింది" అని సీటు కింద ఐదంకెల నంబరు చూపించాడు. నేను ఆ నంబరు చూసి పొంగిపోయి, బేరం కూడా ఆడకుండా అడిగినంత ఇచ్చి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి వెనక చక్రం మధ్యలో పుల్లలు కలిసే హబ్బు మీద పేరుకున్న గ్రీజు తుడిస్తే "52 7" అని బయటపడింది. అంటే 1952 జులై. యుద్ధం ముగిసి అప్పటికి ఏడేళ్లు. పోనీ చక్రం మార్చారేమో అని నాకు నేనే చెప్పుకున్నాను గానీ, ఆ తర్వాత ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే ఆ సైకిలు పుట్టుకలో మిలిటరీ వాసనే లేదు. అదెలా తేలిందో దారిలో చెప్తాను, ఎందుకంటే అప్పుడు నేను చేసిన పొరపాట్లే ఇప్పుడు చాలామంది చేస్తున్నారు.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు నంబరుతో మొదలుపెట్టడం.

నంబరు దేనికి కొట్టారు

ఫ్రేము నంబరు అంటే జాతకం అనుకుంటాం, లోపల ఎక్కడో ఏడాది దాక్కుని ఉంటుందని. పాత సైకిళ్ల విషయంలో అది చాలా అరుదు. ఆ నంబరు కొట్టింది ఫ్యాక్టరీ తన పద్దు కోసం, ఏ సరుకు ఏ డీలరుకి పోయిందో రాసుకోవడానికి, దొంగతనం జరిగితే గుర్తుపట్టడానికి. ఒక్కో కంపెనీది ఒక్కో వరస. కొన్ని ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ పోయాయి, కొన్ని మధ్యలో అక్షరం తగిలించి మళ్లీ మొదటికొచ్చాయి, కొన్ని మోడలుకో వరస పెట్టుకున్నాయి. రాలీ కంపెనీ 1970ల నడుమ నుంచి కొట్టిన నంబర్లలో ఫ్యాక్టరీకో అక్షరం, ఏడాదికో అంకె ఉండేవి కాబట్టి అవి చూడగానే చెప్పొచ్చు. యుద్ధకాలపు సైకిళ్లలో అంత సుఖం లేదు.

అందుకే ఎవరైనా ఫోను చేసి "నంబరు 34817, ఏ సంవత్సరంది?" అంటే జవాబుండదు. ఆ నంబరుతో పది ఫ్యాక్టరీల్లో పది సైకిళ్లు వచ్చి ఉండొచ్చు. ముందు చేసినవాళ్లెవరో తేలాలి, తర్వాత మోడలు, ఆ తర్వాతే నంబరు ఆ మోడలు వరసలో ఎక్కడ పడుతుందో చూడాలి, చివరికి విడిభాగాల మీది తేదీలు దానితో సరిపోతున్నాయా లేదా చూడాలి. వరస ఇదే, తిరగేస్తే నాలాగే అవుతుంది.

తుడవకముందే ఫొటోలు

ఇంటికి తెచ్చిన రోజే కడిగేయాలనిపిస్తుంది. ఆగండి. మట్టి, గ్రీజు, పాత రంగు అన్నీ సాక్ష్యాలే. ఎండలో నిలబెట్టి రెండు వైపులా, ముందూ వెనకా, తర్వాత బోర్లా తిప్పి అడుగు భాగం, ఒక్కో కీలు, ఒక్కో నట్టు దగ్గరగా ఫొటోలు తీయండి. మడ్‌గార్డు లోపలి వైపు మర్చిపోకండి. ఏ నట్టు ఏ వైపు ఉందో, ఏ వాషరు ఎక్కడుందో కూడా పనికొస్తుంది, విప్పాక గుర్తుండదు. నేను తీయలేదు, వెనక మడ్‌గార్డు మీదున్న ఒక చిన్న తెల్లటి మచ్చ మొదట్నుంచీ ఉన్నదా, నేను గోకితే వచ్చిందా అన్నది ఈ రోజుకీ నాకు తెలీదు.

మన దగ్గర దొరికే సైకిళ్లకు ఇంకో సంగతి చూడాలి. ఒకప్పుడు మునిసిపాలిటీలు సైకిలు పన్ను కట్టించుకుని ఏటా ఒక బిళ్ల ఇచ్చేవి. ఇత్తడి బిళ్లో, రేకు బిళ్లో, దాని మీద ఊరి పేరు, ఏడాది ఉండేవి. ఎక్కడైనా తుప్పు కింద అలాంటిది అతుక్కుని ఉంటే అది బంగారం లాంటి సాక్ష్యం, ఎందుకంటే ఆ ఏడాదికి ఈ సైకిలు ఆ ఊరి రోడ్ల మీద తిరుగుతోందని చెప్తుంది. పుట్టిన ఏడాది తెలియకపోయినా "దీని తర్వాతది మాత్రం కాదు" అనే గీత ఒకటి దొరుకుతుంది. బిళ్లను వేరే సైకిలు నుంచి తెచ్చి తగిలించారేమో అన్న అనుమానం మాత్రం ఒక మూల ఉంచుకోండి.

నంబరు ఎక్కడ వెతకాలి

సైకిలు ఫ్రేములో గొట్టాలు కలిసే చోట ఇనుప తొడుగులు ఉంటాయి, వాటిని లగ్గులంటారు. ఇంగ్లండు సైకిళ్లలో ఎక్కువగా సీటు రాడ్డు దిగే చోట, ఆ లగ్గు మీద గానీ దాని పక్కన గానీ నంబరు ఉంటుంది. అక్కడ లేకపోతే సైకిలు బోర్లా తిప్పి పెడల్ ఇరుసు తిరిగే గొట్టం అడుగున చూడండి, మెకానిక్కులు బీబీ అనేది దాన్నే. యుద్ధకాలపు అమెరికన్ మిలిటరీ సైకిళ్ల నంబరు ఉండేది ఇక్కడే. ఇంకా దొరక్కపోతే వెనక చక్రం ఇరుసు కూర్చునే ప్లేట్లు, హ్యాండిలు కింద తలగొట్టం చుట్టూ ఉన్న లగ్గులు, ఆఖరికి ముందు ఫోర్కు ఊడదీసి దాని నిలువు గొట్టం చూడండి. కొందరు తయారీదారులు ఫోర్కు మీద కూడా అదే నంబరు కొట్టేవాళ్లు. ఫ్రేముదీ ఫోర్కుదీ ఒకటే అయితే పుట్టినప్పట్నుంచీ కలిసున్న జంట అన్నమాట.

ఒక్కోసారి రెండు మూడు నంబర్లు దొరుకుతాయి. ఒకటి ఫ్యాక్టరీది, ఇంకోటి సైన్యం తన లెక్క కోసం కొట్టుకున్నది, మూడోది ఏ పోలీసు స్టేషనుదో, రైల్వేదో, ఏ షాపువాడిదో. అక్షరాల పరిమాణం, లోతు వేరేగా ఉంటే వేర్వేరు చేతులు కొట్టినట్టే. అన్నీ రాసుకోండి, ఏదీ కొట్టేయొద్దు.

అంకెలు సరిగ్గా చదవడం

గ్రైండరు, వైరు బ్రష్షు, ముతక ఎమిరీ కాగితం జోలికి పోకండి. ఒకసారి అంకె అంచు అరిగిపోతే అంతే సంగతులు. కిరసనాయిల్లో ముంచిన గుడ్డ ఒక గంట కట్టి ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. రంగు మందంగా ఉంటే నంబరు ఉన్న చిన్న జాగా వరకే రంగు తీసే మందు పూసి, ప్లాస్టిక్ కార్డు ముక్కతో నెమ్మదిగా గీకండి.

తర్వాత గది చీకటి చేసి టార్చిలైటు పక్క నుంచి, దాదాపు ఇనుముకు ఆనించి వేయండి. ఎదురుగా వేస్తే అంకెలు మాయమవుతాయి, పక్క నుంచి వేస్తే నీడలు పడి లేచి నిలబడతాయి. లైటు నాలుగు వైపుల నుంచీ మార్చి నాలుగు ఫొటోలు తీయండి. ఇంకో చిట్కా, పల్చటి కాగితం పెట్టి పెన్సిలు పక్కగా రుద్దితే అచ్చు దిగుతుంది, చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద చేసిన పనే. ముగ్గుపిండి గానీ టాల్కం పౌడరు గానీ వేలితో అద్ది పైపైన తుడిచేసినా, గుంటల్లో తెల్లగా నిలిచి అంకెలు కనిపిస్తాయి.

ఇంతా చేసి తప్పు చదివేవాళ్లే ఎక్కువ. 3కీ 8కీ, 1కీ ఇంగ్లీషు ఐ అక్షరానికీ, సున్నాకీ ఓ అక్షరానికీ, 5కీ ఎస్ అక్షరానికీ తేడా అరిగిపోయిన ఇనుము మీద తెలియదు. బోర్లా తిప్పి చూస్తున్నప్పుడు 6, 9 తారుమారవుతాయి, నేను ఒకసారి 1966 అంటూ ఒకరితో గంట వాదించి తర్వాత తల దించుకున్నాను. అనుమానమున్న అంకె దగ్గర ప్రశ్నగుర్తు పెట్టి రాసుకోండి, ఊహించి పూరించొద్దు. నంబరుకి ముందూ వెనకా ఉన్న అక్షరాలు, చుక్కలు, నక్షత్రాలు కూడా నంబరులో భాగమే.

చేసినవాళ్లెవరు: ఆకారం, చైన్‌వీలు

స్టిక్కరు పోతుంది, తలగొట్టం మీది బ్యాడ్జి ఊడిపోతుంది, రంగు మారుతుంది. ఇనుము ఆకారం మారదు. ముందు చైన్‌వీలు, అంటే పెడళ్ల దగ్గర చైను తిరిగే పళ్ల చక్రం చూడండి. అందులో మూడు కొంగలుంటే రాలీ, మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన గుర్తుగానీ బీ ఎస్ ఏ అక్షరాలుగానీ ఉంటే బీఎస్ఏ, చెయ్యి గుర్తుంటే రడ్జ్, మనుషుల బొమ్మలుంటే హంబర్. హంబర్‌కైతే ముందు ఫోర్కు కూడా ఒక్కో వైపు రెండేసి సన్నటి గొట్టాలతో ఉంటుంది, ఎంత దూరం నుంచైనా పట్టుకోవచ్చు. చైన్‌వీలు మార్చడం తేలికే కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మకండి. కానీ నేను "బీఎస్ఏ" అని కొన్న సైకిలుకు మూడు కొంగలు నా మొహం వైపే చూస్తూ నిలబడితే కూడా కనబడలేదంటే ఆ రోజు నా కళ్లకు ఏమైందో! అమ్మినాయన్ని తప్పుపట్టి ఏం లాభం.

మిలిటరీ సైకిళ్లలో ఆకారంతోనే తేలిపోయేవి కొన్ని ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధంలో బీఎస్ఏ బర్మింగ్‌హామ్‌లో చేసిన పారాట్రూపర్ల మడత సైకిలు అన్నిటికన్నా ప్రసిద్ధం. మామూలు వజ్రాకారపు ఫ్రేము బదులు జంట గొట్టాలు వంపు తిరిగి కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి, మధ్యలో పైనొకటి కిందొకటి కీళ్లు, వాటిని బిగించడానికి రెక్కల నట్లు. పెడళ్లు అసలు పెడళ్లలా ఉండవు, గుండ్రటి కడ్డీల్లా ఉండి, మడిచినప్పుడు అడ్డం రాకుండా లోపలికి నెట్టేసేలా ఉంటాయి. 1942 నుంచి 1945 దాకా 60,000కు పైగా చేశారు. సైనికులు విమానం నుంచి దూకేటప్పుడు దీన్ని కట్టుకుని దూకాలని ఆలోచన, కానీ ఎక్కువగా వాడింది పడవల నుంచి దిగిన సైన్యం, 1944 జూన్ 6న నార్మండీ తీరంలో దిగిన వాళ్ల ఫొటోల్లో ఈ సైకిళ్లు భుజాల మీద కనిపిస్తాయి.

ఇందులో కాలం తేల్చడానికి నంబరు కన్నా ముందు ఫ్రేమే సాయం చేస్తుంది. మొదట్లో చేసిన వాటికి సీటు కింద నిలువు గొట్టం కూడా జంటగా ఉండేది, తర్వాత దాన్ని ఒకే గొట్టం చేశారు. జంట గొట్టాలు కనబడితే తొలి రకం, మిగిలినవి తక్కువ కాబట్టి ధర కూడా ఎక్కువ. ఒకే గొట్టం అయితే తర్వాతిది. నంబరు సాధారణంగా సీటు రాడ్డు దిగే చోటనే ఉంటుంది, ఎక్కువ సైకిళ్లలో అంకెల ముందు ఆర్ అక్షరం కనిపిస్తుంది. నంబరు పెరిగే కొద్దీ కాలం ముందుకు పోతుందన్న లెక్క మొత్తం మీద పనికొస్తుంది గానీ, "ఈ నంబరు అంటే ఫలానా నెల" అని ఎవరైనా ఖండితంగా చెప్తే నమ్మకండి, రిమ్ముల మీది తేదీ అడగండి.

దీనికి పూర్తి వ్యతిరేకం స్విట్జర్లాండ్ సైన్యపు సైకిలు. మోడల్ 05 అంటారు, 1905లో మొదలుపెట్టి 1980ల చివరి దాకా దాదాపు అదే ఆకారంలో చేస్తూ పోయారు. తాత తొక్కిన సైకిలు పక్కన మనవడి సైకిలు పెడితే తేడా పట్టుకోవడం కష్టం. ఒకే కొలత ఫ్రేము, ఒకే గేరు, 23 కిలోల పైన బరువు, ఫ్రేము మధ్యలో ఇమిడే సంచీ. కాండోర్, కాస్మోస్, ష్వాల్బె లాంటి కొన్ని కంపెనీలు చేసిచ్చాయి. ఇక్కడ ఆకారం ఏమీ చెప్పదు కాబట్టి మొత్తం భారం నంబరు మీద, విడిభాగాల మీద పడుతుంది. ఏ కంపెనీ చేసిందో పేరు దొరికితే వెతికే జాగా చిన్నదవుతుంది. సైకిలు దళాన్ని 2003లో ఎత్తేశారు, ఉద్యోగం ముగించుకున్న సైనికులు తమ సైకిళ్లు చవకగా కొనుక్కుపోయేవాళ్లు కూడా, అందుకే యూరప్‌లో ఉన్న మన తెలుగువాళ్లకు ఇవి దొరికే అవకాశం ఎక్కువ. నిజమైనవే ఇన్ని ఉన్నాయి కాబట్టి దొంగవి తక్కువ, అది ఒక అదృష్టం.

అమెరికన్ సైన్యానికి రెండు కంపెనీలు ఒకే నమూనాలో చేశాయి, మసాచుసెట్స్‌లోని వెస్ట్‌ఫీల్డ్ వాళ్లు కొలంబియా పేరుతో, ఒహాయో డేటన్‌లోని హఫ్‌మన్ వాళ్లు తమ పేరుతో. ఇటలీ బెర్సాలియేరి దళాల కోసం బియాంకి చేసిన 1912 నమూనా మడత సైకిలుకు గాలి లేని గట్టి రబ్బరు టైర్లు, స్ప్రింగు ఉంటాయి, దాన్ని ఇంకోదానితో పొరబడరు. జపాను సైన్యం 1941, 42లో మలయాలో సైకిళ్ల మీదే దూసుకుపోయింది గానీ వాటిలో ఎక్కువ అక్కడి జనం దగ్గర లాక్కున్న మామూలు సైకిళ్లు, నంబరు చూసి వాటిని మిలిటరీవని నిరూపించడం జరిగే పని కాదు. మలేసియాలో ఎవరైనా "మా తాత జపాను వాళ్ల దగ్గర కొన్నాడు" అంటే కథను కథలాగే రాసి పెట్టుకోండి.

బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామే అనుకోవద్దు

మన దగ్గర ఎక్కువమంది పడే గుంట ఇది. 1949లో మద్రాసులో మొదలైన టీఐ సైకిల్స్ అంబత్తూరు ఫ్యాక్టరీలో హెర్క్యులిస్, ఫిలిప్స్, బీఎస్ఏ పేర్లతో లక్షల సైకిళ్లు చేసింది. ఆసన్‌సోల్‌లో 1952 నుంచి సేన్‌-రాలీ రాలీ సైకిళ్లు చేసింది. అందుచేత బీఎస్ఏ బ్యాడ్జి, రాలీ బ్యాడ్జి ఉన్నంత మాత్రాన ఇంగ్లండు సైకిలు కాదు, ఇంగ్లండు నంబర్ల పట్టీ పట్టుకుని మద్రాసు సైకిలు కాలం వెతికితే చెత్త జవాబు వస్తుంది. "మేడ్ ఇన్ ఇంగ్లండ్" అన్న అచ్చు బ్యాడ్జి మీద, హబ్బు మీద, పెడల్ మీద, హ్యాండిలు మీద విడివిడిగా ఉందా చూడండి. ఒక్క హబ్బు మీదే ఉంటే హబ్బు మాత్రమే ఇంగ్లండుది.

ఇంకో పరీక్ష మెకానిక్ చేస్తాడు. నాటింగ్‌హామ్ రాలీ ఫ్రేముల్లో బీబీ మరకు అంగుళానికి 26 చుట్లు ఉంటాయి, మిగతా ఇంగ్లీషు సైకిళ్లలో ఎక్కువగా 24. మర కొలిచే గేజు లేకపోతే ఏ కొలతదో ముందే తెలిసిన బీబీ కప్పు, అంటే ఆ గొట్టంలో బిగించే మరల గిన్నె, ఒకటి చేత్తో తిప్పి చూస్తే చాలు, రెండు చుట్లు తిరిగి బిగిసిపోతే అది వేరే కొలత. బలవంతంగా పానా పెట్టి తిప్పొద్దు, మర పోతుంది.

బాణం గుర్తు

బ్రిటిష్ ప్రభుత్వ సొత్తు మీద విల్లు లేని బాణం లాంటి ముద్ర కొట్టేవాళ్లు, మూడు గీతలు ఒక మొనలో కలుస్తాయి, కాకి కాలు అంటే తొందరగా అర్థమవుతుంది. భారత సైన్యపు సరుకు మీద ఆ బాణం కింద ఐ అక్షరం ఉంటుంది. స్వాతంత్ర్యం తర్వాత బాణం పోయి సింహాలొచ్చాయి. రెండు బాణాలు మొనకు మొన తాకేలా కొట్టి ఉంటే, సైన్యం ఆ వస్తువును అమ్మేసిందని అర్థం. యుద్ధం అయ్యాక డిస్పోజల్సు వేలాల్లో సైన్యపు సరుకు కుప్పలుగా బయటికొచ్చింది, సికింద్రాబాద్ లాంటి పెద్ద కంటోన్మెంటు ఉన్న ఊళ్లో నిజమైన సైకిలు దొరకడం అసాధ్యమేం కాదు. కాకపోతే మన సైన్యం స్వాతంత్ర్యం తర్వాత కూడా ఆకుపచ్చ సైకిళ్లు వాడింది, అవి మామూలు భారతీయ కంపెనీలవే. ఆకుపచ్చ రంగు, కంటోన్మెంటు చిరునామా రెండూ కలిసినా 1942 కాదు.

బాణం ముద్ర ఒక్క సీటు మీదో, బెల్లు మీదో ఉంటే దానికి విలువ తక్కువ, అవి విడిగా కూడా అమ్ముడుపోయేవి. ఫ్రేము మీద, క్రాంకు (పెడల్ తగిలించే ఇనుప చెయ్యి) మీద, హబ్బు మీద మూడు చోట్లా ఉంటే అప్పుడు కూర్చుని ఆలోచించాలి.

విడిభాగాల తేదీలు: అసలు పని ఇక్కడే

ఓపిక ఖర్చు పెట్టాల్సింది ఇక్కడ. నాటింగ్‌హామ్‌లో చేసిన స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బుల మీద తేదీ ఉంటుంది. యుద్ధం తర్వాతి వాటిలో రెండంకెల ఏడాది, పక్కన నెల, అందుకే "52 7" అంటే 1952 జులై. యుద్ధానికి ముందటి వాటిలో ఏడాది చివరి అంకె ఒక్కటే ఉండటం కద్దు, "8" అంటే 1938. ఏడబ్ల్యూ అన్న రకం 1936లో వచ్చింది కాబట్టి ఆ అక్షరాలున్న చక్రం అంతకు ముందుది అయ్యే ప్రశ్నే లేదు. ముందు చక్రంలో ఉండే డైనమో హబ్బు మీద కూడా ఇలాగే ఉంటుంది. డన్‌లప్ రిమ్ముల మీద, ముఖ్యంగా యుద్ధకాలపు వాటి మీద, తయారీ తేదీ ఉండొచ్చు, పుల్లల మధ్య తుప్పు నెమ్మదిగా తుడిచి వెతకాలి. విలియమ్స్ కంపెనీ క్రాంకుల వెనక వైపు ఏడాదిని చెప్పే అక్షరాల సంకేతం ఉంటుంది. జర్మన్ సైకిళ్లకు ఫిక్టెల్-సాక్స్ టార్పెడో హబ్బు ఉంటే దాని మీద ఏడాది చివరి రెండంకెలు వెతకండి.

ఇప్పుడు లెక్క. సైకిలు దాని మీదున్న అసలైన భాగాల్లో అన్నిటికన్నా ఆఖరిదాని తర్వాతే పుట్టింది, ఆ భాగం పెట్టకుండా బయటికి రాదు కదా. చిక్కంతా "అసలైన" అన్న మాట దగ్గర. చైను, టైర్లు, పెడళ్లు, సీటు అరిగిపోయేవి, మారి ఉంటాయి, వాటి తేదీని పెద్దగా పట్టించుకోవద్దు. చక్రాలు కూడా మారతాయి గానీ అంత తరచుగా కాదు. క్రాంకులు, హ్యాండిలు బేరింగు కప్పులు, మడ్‌గార్డులు అరుదుగా మారతాయి. తేదీలన్నీ ఒక కాగితం మీద వరసగా రాయండి. నాలుగైదు భాగాలు కొన్ని నెలల తేడాలో గుంపుగా పడి, ఒకటి మాత్రం పదేళ్ల అవతల ఉంటే, ఆ ఒక్కటే మారింది. గుంపు ఏర్పడకుండా అన్నీ చెల్లాచెదురుగా ఉంటే అది నాలుగు సైకిళ్లు కలిపి కట్టిన సైకిలు, దానికి పుట్టినరోజు వెతకడం టైము దండగ.

నా సైకిలులో వెనక హబ్బు 52 7, ముందు డైనమో హబ్బు 52 5. రెండూ రెండు నెలల తేడా. ఫోర్కు, చైన్‌వీలు, బీబీ మర అన్నీ రాలీవే. చక్రం మార్చారేమో అన్న నా ఆశ అక్కడితో పోయింది, రెండు చక్రాలూ పుట్టుకతోనే ఉన్నవి. ఇంగ్లండులో హబ్బు చేసిన నెలకీ, సైకిలు తయారై ఓడెక్కి మద్రాసులోనో బొంబాయిలోనో దిగిన నెలకీ మధ్య కొంత కాలం పడుతుంది కాబట్టి 1952 చివర, లేదా 1953 మొదట్లో కొన్న సైకిలు అయి ఉంటుంది.

రంగు పొరలు

ఇంకా అనుమానం మిగిలితే బ్లేడు తీసుకోండి, కానీ కనబడని చోట మాత్రమే. బీబీ అడుగున గానీ, ఏదైనా క్లాంపు కింద గానీ పప్పు గింజంత జాగా చాలు. చిన్న గిన్నెలా ఏటవాలుగా గీకితే పొరలు వలయాల్లా కనిపిస్తాయి, ఉల్లిపాయ కోసినట్టు. ఇనుముకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న పొరే పుట్టినప్పటి రంగు. నా దాంట్లో పైన ఆకుపచ్చ, దాని కింద దుమ్ము, దాని కింద నిగనిగలాడే నలుపు, నలుపు మీద సన్నటి బంగారు గీత. సైన్యం ఎక్కడైనా బంగారు గీతలు వేయిస్తుందా?

యుద్ధకాలంలో ఇంగ్లండులో మామూలు జనం సైకిళ్లకు కూడా క్రోమియం పూత దొరక్క హ్యాండిలుకీ రిమ్ములకీ నల్ల రంగే వేశారు. అందుకే నల్లటి రిమ్ములున్న సైకిలు యుద్ధకాలానిది అనడానికి కొంత ఆధారం ఉంటుంది, సైన్యానిది అనడానికి అది చాలదు. హ్యాండిలు మీద ఆకుపచ్చ గోకితే కింద మెరిసే క్రోమియం కనిపిస్తే మాత్రం అనుమానం పెంచుకోండి.

దొంగ నంబర్లు

మడత బీఎస్ఏ ధరలు పెరిగాక నంబరు కొట్టేవాళ్లూ తయారయ్యారు. పాత నంబరు ఇనుముతో పాటే తుప్పు పట్టి ఉంటుంది, గుంటల లోపల కూడా అదే గోధుమ రంగు. కొత్త అచ్చు తుప్పు గుంటలను కోసుకుంటూ పోతుంది, అడుగున ఇనుము తెల్లగా మెరుస్తుంది, చుట్టూ ఉబ్బిన అంచు వేలికి గరుకుగా తగులుతుంది. నంబరు ఉన్న చోట మాత్రమే లోహం పల్లంగా, నున్నగా ఉంటే అక్కడ ఏదో రాకి తీసేశారు. అలాంటి సైకిలు ఎంత ముచ్చటగా ఉన్నా కొనొద్దు, అది దొంగ సొత్తు కూడా అయ్యుండొచ్చు, తర్వాత టెన్షన్ మీకే. రాకేసిన అంకెలు తేల్చడానికి యాసిడ్ పోసే పద్ధతులు చెప్పేవాళ్లుంటారు, అది ల్యాబుల్లో చేసే పని, ఇంట్లో చేస్తే చేతులు కాలతాయి.

తేలినదాన్ని ఎలా రాయాలి

అన్నీ అయ్యాక ఒక కార్డు మీద నాలుగు సంగతులు విడివిడిగా రాయండి. చదివిన నంబరు, అనుమానమున్న అంకెతో సహా. చేసిన కంపెనీ, అది దేన్ని బట్టి. భాగాల తేదీలు. చివర్న మీ అంచనా. అంచనా ఎప్పుడూ "1943" అని కాకుండా "1943–44" అని, ఏది ఖాయం, ఏది ఊహ అన్నది తెలిసేలా ఉండాలి. ఇంగ్లండు సైకిలైతే ఆ కార్డు, ఫొటోలు కలిపి వెటరన్ సైకిల్ క్లబ్బుకు పంపండి, 1955 నుంచి ఉన్న సంఘం, అందులో ఒక్కో కంపెనీ సైకిళ్ల మీద జీవితమంతా పెట్టినవాళ్లుంటారు. రాలీ అయితే నాటింగ్‌హామ్‌షైర్ ఆర్కైవ్స్‌లో కంపెనీ పాత కాగితాలున్నాయి. ఒట్టి నంబరు పంపితే ఎవరూ ఏమీ చెప్పలేరు, నంబరుతో పాటు పది ఫొటోలు పంపితే మీరడగనివి కూడా చెప్తారు.

నా కార్డు మీద ఇలా ఉంది: "రాలీ, నాటింగ్‌హామ్, 1952–53, మామూలు సైకిలు. ఆకుపచ్చ రంగు తర్వాత వేసింది, ఎవరో తెలీదు." మొన్న సంక్రాంతికి ఆ ఆకుపచ్చ మొత్తం గీకించేశాను. కింద నలుపు ముప్పాతిక వంతు బాగానే ఉంది, వెనక మడ్‌గార్డు మీద బంగారు గీత అలాగే ఉంది. చైన్‌వీలుకి నూనె రాసి మూడు కొంగల్నీ తుడిచాను.